సూపర్‌మ్యాన్ పక్కన అంతగా పేరులేని హీరోలు: కొందరే ఎందుకు గుర్తుండిపోతారు?

నీలిసిరా (ప్రశ్న)

2025 జూలైలో విడుదలైన ‘సూపర్‌మ్యాన్’ చిత్రాన్ని చూశాక కలిగిన సందేహం ఇది. కథలోని ముఖ్యమైన ఘట్టాల ప్రస్తావన వస్తుంది కనుక ఇంకా చూడనివారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

నాకు కామిక్స్‌తో పరిచయం చాలా తక్కువ. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ వంటి నాలుగైదు పేర్లు తప్ప మిగిలినవారందరినీ నేను మొదటిసారి చూసేది తెరమీదనే. ఈ చిత్రంలో మిస్టర్ టెరిఫిక్, గై గార్డనర్, హాక్‌గర్ల్, మెటమార్ఫో అని నలుగురు వచ్చారు. ఒక్కరి పేరూ నేను అంతకు ముందు విన్నది కాదు. అయినా సినిమా ముగిసేసరికి నలుగురూ నాకు విడివిడి మనుషులుగా గుర్తుండిపోయారు. మిస్టర్ టెరిఫిక్ సంగతైతే చెప్పనక్కరలేదు, ఆయన ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. 2022లో వచ్చిన ‘బ్లాక్ ఆడమ్’లోనూ సరిగ్గా ఇలాగే నలుగురు కొత్త హీరోలను ఒక్కసారిగా దించారు. డాక్టర్ ఫేట్ ఒక్కరు మాత్రం నా మనసులో మిగిలారు. మిగతా ముగ్గురి పేర్లు ఈ ప్రశ్న రాయడానికి మళ్లీ వెతుక్కోవలసి వచ్చింది.

రెండు చోట్లా కొత్తవారి సంఖ్య ఒకటే, వారి పరిచయానికి దొరికిన సమయమూ తక్కువే. మరి తేడా ఎక్కడ వచ్చింది? నటుల వల్లనా, కామిక్స్‌లో వారికి ముందే ఉన్న చరిత్ర వల్లనా, లేక రచనలోనే ఏదైనా కిటుకు ఉందా? దీనికి తోకగా ఇంకో సందేహం కూడా ఉంది. ప్రపంచమంతా ఎరిగిన హీరో చేతిలో ఉండగా, ఎవరికీ తెలియని నలుగురిని పక్కన నిలబెట్టవలసిన అవసరం దర్శకుడికి ఏమొచ్చింది?

పాతసంచిక

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ‘బ్లాక్ ఆడమ్’లో డాక్టర్ ఫేట్ ఎందుకు గుర్తున్నాడో ఆలోచించండి. పియర్స్ బ్రాస్నన్ నటన ఒక కారణమే, కాదనను. అయితే అంతకంటే ముఖ్యమైనది, ఆ పాత్రకు కథలో వేరెవరూ మోయలేని బరువు ఒకటి ఉండడం. భవిష్యత్తును చూడగలిగిన ఆ మనిషికి తన పాత మిత్రుడు హాక్‌మ్యాన్ మరణం ముందే కనిపిస్తుంది. దానిని ఎవరికీ చెప్పుకోలేక మోస్తూ తిరిగి, చివరికి ఆ చావును తానే తీసుకుంటాడు. ఆయనను కథలోంచి తీసివేస్తే కథ నడవదు. అదే చిత్రంలోని ఆటమ్ స్మాషర్‌నూ సైక్లోన్‌నూ తీసివేసి చూడండి. పోరాట సన్నివేశాల్లో కొంత ఖాళీ ఏర్పడుతుందే తప్ప కథకు వచ్చే నష్టం లేదు. ఒకరు ఆకారం పెంచుకుంటారు, ఇంకొకరు సుడిగాలిని పుట్టిస్తారు. శక్తి ఏమిటో చెప్పారు, మనిషి ఎవరో చెప్పలేదు. హాక్‌మ్యాన్ ఆ జట్టుకు నాయకుడు, పైగా 1940 జనవరి నుంచి కామిక్స్‌లో ఉన్నవాడు. అయినా తెరమీద ఆయనకు దక్కిన పని చాలావరకు బ్లాక్ ఆడమ్‌తో వాదించడమే.

ఇప్పుడు ‘సూపర్‌మ్యాన్’కు రండి. ప్రతినాయకుడు లెక్స్ లూథర్ సూపర్‌మ్యాన్‌ను వేరే విశ్వంలో బంధించినప్పుడు ఆయనను వెతికి పట్టుకోవడానికి ఆయన ప్రేయసి, విలేకరి అయిన లోయిస్ లేన్‌కు ఒక శాస్త్రవేత్త కావాలి. ఆ అవసరం ఏర్పడిన తరువాతే మిస్టర్ టెరిఫిక్ కథ మధ్యలోకి వస్తాడు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ సైనిక శిబిరంలో లోయిస్ చూస్తుండగా ఆయన చేసే పోరాటాన్ని గుర్తు చేసుకోండి. గాలిలో ఎగిరే గోళాలను చూపుతో, చేతి కదలికలతో నడిపిస్తూ పదుల మందిని నేల కూలుస్తాడు. ముఖంలో మాత్రం ఆవేశం ఉండదు, పని మధ్యలో అడ్డు తగిలినవాడి విసుగు ఉంటుంది. ఆయన గతం గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పరు. అయినా ఈయన చాలా తెలివైనవాడనీ, ఆ సంగతి ఆయనకు బాగా తెలుసుననీ, అనవసరపు మాటలు గిట్టవనీ, మాట ఇస్తే మాత్రం వదలడనీ ఆ కొద్ది నిమిషాలలో మనకు తెలిసిపోతుంది. ఎడీ గథేగీ ఆ పాత్రను ఎక్కడా చిరునవ్వుతో మెత్తబరచకుండా పోషించడం కూడా కలిసివచ్చింది.

కామిక్స్‌లోని చరిత్ర సంగతి అడిగారు. మిస్టర్ టెరిఫిక్ అనే పేరు మొదట 1942 నాటిది, టెరీ స్లోన్ అనే పాత హీరోది. మనం తెరమీద చూసిన మైకేల్ హోల్ట్‌ను 1997లో జాన్ ఆస్ట్రాండర్, టామ్ మాండ్రేక్ కలిసి సృష్టించారు. భార్యను ప్రమాదంలో పోగొట్టుకుని బతుకు మీద ఆశ వదులుకున్న స్థితిలో, పాత మిస్టర్ టెరిఫిక్ కథ విని ఆ పేరును తాను తీసుకుంటాడు. చాలా బలమైన నేపథ్యం అది. అయినా సినిమా దానిని ముట్టుకోలేదు. కనుక కామిక్స్ చరిత్ర వల్ల పాత్ర నిలబడిందనుకోవడం సరికాదు. ఆ చరిత్ర నటుడికీ రచయితకూ తెలిసి ఉండడం వల్ల ఆ గాంభీర్యం వచ్చిందంటే ఒప్పుకుంటాను.

హాక్‌గర్ల్ ఇంకా మంచి ఉదాహరణ. ఆమెకు దక్కిన సంభాషణలు చాలా తక్కువ. అయితే చివర యుద్ధోన్మాది అయిన దేశాధ్యక్షుణ్ణి ఆకాశంలోకి ఎత్తుకుపోయి, తాను సూపర్‌మ్యాన్‌లాంటిదాన్ని కాదని చెప్పి వదిలేస్తుంది. ఆ ఒక్క చేష్టతో ఆమె ఎవరో తేలడమే కాదు, సూపర్‌మ్యాన్ ఎవరో కూడా మరింత స్పష్టమవుతుంది. పక్కన నిలబెట్టిన హీరో ముఖ్య హీరోకు భిన్నంగా ఒక నిర్ణయం తీసుకోవాలి. అది లేకపోతే ఎంతమందిని తెచ్చినా వెనక వరుసలో నిలబడే మందే అవుతారు.

మూడోవరుస

పాతసంచిక గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ మీ రెండవ సందేహానికి జవాబు అంత కళాత్మకమైనది కాదు. చాలామంది అనామక హీరోలు తెరమీదికి వచ్చింది దర్శకుల అభిరుచి వల్ల కాదు, పేరున్నవారి హక్కులు చేతిలో లేకపోవడం వల్ల.

సూపర్‌మ్యాన్‌ది డీసీ సంస్థ. దానికి పోటీ అయిన మార్వెల్ సంస్థ 1996 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఆ దశాబ్దంలో ఎక్స్‌మెన్, ఫెంటాస్టిక్ ఫోర్ సినిమా హక్కులు ఫాక్స్ చేతికీ, స్పైడర్‌మ్యాన్ హక్కులు సోనీ చేతికీ వెళ్లిపోయాయి. తరువాత మార్వెల్ సొంతంగా సినిమాలు తీయాలనుకుని 2005లో మెరిల్ లించ్ ద్వారా 52.5 కోట్ల డాలర్ల రుణ ఏర్పాటు చేసుకున్నప్పుడు, హామీగా పెట్టిన పది పేర్లలో కెప్టెన్ అమెరికాతో పాటు బ్లాక్ పాంథర్, యాంట్‌మ్యాన్, షాంగ్‌చీ, హాక్‌ఐ, చివరికి పవర్ ప్యాక్ అనే పిల్లల జట్టు కూడా ఉన్నాయి. అప్పట్లో కామిక్స్ చదవని ప్రేక్షకులకు ఆ జాబితా చూపించి ఉంటే ఒకటి రెండు పేర్లకు మించి గుర్తుపట్టేవారు కాదు. ఇంట్లో ఉన్న సరుకుతోనే వంట చేయవలసి వచ్చిందన్నమాట.

ఇంకా వెనక్కి వెళితే 1998 నాటి ‘బ్లేడ్’ ఉంది. 1973లో డ్రాక్యులా కామిక్స్‌లో పక్క పాత్రగా మొదలైన వేటగాడు అతను. ఆ సినిమా చూసినవారిలో ఎంతోమందికి అతడు కామిక్స్ హీరో అనే సంగతే తెలియదు. మార్వెల్ పాత్రలతో పెద్ద తెర మీద విజయం సాధ్యమని చూపినది మాత్రం అదే.

మీరు అడిగినదానికి అన్నిటికంటే సరిపోయే ఉదాహరణ 2014 నాటి ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’. సినిమాలోని జట్టుకు ఆధారం 2008లో డాన్ ఆబ్నెట్, ఆండీ లానింగ్ మొదలుపెట్టిన కామిక్స్. అది 25 సంచికలతో 2010లోనే ఆగిపోయింది. ఆగిపోయిన పత్రికలోని జట్టు నాలుగేళ్ల తరువాత ప్రపంచవ్యాప్తంగా 77 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. గ్రూట్ అయితే 1960లో భూమి మీదికి దండెత్తి వచ్చిన రాక్షసుడు, ఒక్క కథతో ముగిసిపోవలసినవాడు. యోండూ 1969 నాటి మొదటి జట్టులో సభ్యుడు. విల్లు పట్టిన గంభీరమైన యోధుడు. ఈ ‘సూపర్‌మ్యాన్’కూ ఆ ‘గార్డియన్స్’కూ దర్శకుడైన జేమ్స్ గన్ ఆ విల్లును తీసేసి, ఈలతో నడిచే బాణాన్ని మాత్రం ఉంచి, పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చి పెంచిన దొంగల నాయకుడిగా మార్చేశాడు. ఇంత మార్పు బ్యాట్‌మ్యాన్‌కు చేసి ఉంటే అభిమానులు ఊరుకునేవారా? పేరులేని హీరోతో దర్శకుడికి దొరికే లాభం ఇదే, అడిగేవాడు ఉండడు.

అయితే అడిగేవాడు లేకపోవడం ఒక్కటే చాలదు. జాక్ కర్బీ 1976లో సృష్టించిన ఎటర్నల్స్ కూడా సాధారణ ప్రేక్షకులకు తెలియనివారే. 2021లో వచ్చిన సినిమా పది మందిని ఒకేసారి పరిచయం చేసింది. రెండున్నర గంటలకు పైగా సాగినా, మధ్యలో ఒకరి బాధ అర్థమయ్యేలోగా ఇంకొకరి గతానికి తెర లేచేది. ఫాస్టోస్, డ్రూయిగ్ వంటి మంచి పాత్రలు ఆ రద్దీలో నలిగిపోయాయని నా అభిప్రాయం.

మూలకం

అడిగేవాడు ఉండడన్నారు కనుక అడగడానికి నేను వచ్చాను.

మెటమార్ఫో విషయంలో ఆ సినిమా ఒక ముఖ్యమైన నియమాన్ని తోసిరాజంది. బాబ్ హేనీ, రమోనా ఫ్రాడన్ సృష్టించిన ఈ పాత్ర 1964 చివరలో ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ 57వ సంచికలో మొదటిసారి కనిపించింది. రెక్స్ మేసన్ అనే సాహసికుణ్ణి సైమన్ స్టాగ్ అనే కుబేరుడు ఈజిప్టు పిరమిడ్‌లోని ఒక గోళం కోసం పంపిస్తాడు. స్టాగ్ కుమార్తె సఫైర్‌ను రెక్స్ ప్రేమించడం ఆయనకు ఇష్టం ఉండదు. అక్కడ జరిగిన కుట్రలో రెక్స్ శరీరం మారిపోతుంది. నాలుగు రకాల రంగులూ నాలుగు రకాల చర్మమూ ఉన్న ఆ ఆకారాన్ని ఫ్రాడన్ ఎంత సరదాగా గీశారంటే, వికృతంగా ఉండవలసిన మనిషి చూడముచ్చటగా కనిపిస్తాడు. అసలు సంగతికి వస్తే, మొదటి నుంచీ ఆయన మానవ శరీరంలో ఉండే మూలకాలుగా మాత్రమే మారగలడు. ఇనుము, కాల్షియం, కార్బన్, సోడియం వంటివి. ఆ హద్దు ఉండడం వల్లనే ప్రతి కథలోనూ ఏ మూలకంతో గండం గట్టెక్కుతాడా అని ఎదురుచూసేవాళ్లం. సినిమాలో ఆయన చెయ్యి ఏకంగా సూపర్‌మ్యాన్ పాలిట విషమైన క్రిప్టొనైట్‌గా మారిపోతుంది! అది భూమి మీద పుట్టినదే కాదు, మానవ శరీరంలో ఎలా ఉంటుంది?

హద్దు లేని శక్తి చప్పగా ఉంటుంది. ఆయన ఏదైనా కాగలిగితే లూథర్ చెరలో ఎందుకు కూర్చున్నాడని ప్రేక్షకుడు అడగడా?

పాతసంచిక

మూలకం గారూ, నియమం విషయంలో మీరన్నది నిజమే. కానీ చెరలో ఎందుకు కూర్చున్నాడన్న ప్రశ్నకు సినిమా జవాబు ఇచ్చింది. ఆయన పసిబిడ్డ జోయీ లూథర్ మనుషుల చేతిలో ఉన్నాడు. బిడ్డ క్షేమం కోసం ఆయన తన చేతిని క్రిప్టొనైట్‌గా మార్చి, మెల్లగా చచ్చిపోతున్న సూపర్‌మ్యాన్ కళ్లలోకి చూడలేక తల తిప్పుకుంటాడు. ఆంథనీ కారిగన్ ముఖం నిండా మేకప్ ఉన్నా ఆ సిగ్గు కనిపిస్తుంది. తరువాత బిడ్డ దక్కుతాడన్న నమ్మకం కలిగాక, అదే చేతులతో చిన్న సూర్యుణ్ణి సృష్టించి సూపర్‌మ్యాన్‌కు ప్రాణం పోస్తాడు. విషం ఇచ్చినవాడే విరుగుడూ ఇస్తాడు. మానవ శరీరపు మూలకాల నియమం పాటించి ఉంటే ఈ రెండు దృశ్యాలలో మొదటిది ఉండేదే కాదు. మీరు పోగొట్టుకున్నది ఒక నియమం. దానికి బదులు దొరికిన దృశ్యం నాకైతే గిట్టుబాటు బేరమే.

పైగా బిడ్డ కల్పన కూడా కాదు. కామిక్స్‌లోనూ రెక్స్‌కు, సఫైర్‌కు జోయీ అనే కొడుకు ఉన్నాడు. అంటే దర్శకుడు పుస్తకాలు తిరగేసి, తనకు కావలసినది తీసుకుని, అడ్డొచ్చినదానిని పక్కన పెట్టాడు.

మూలకం

బిడ్డ విషయంలో వాదించను. నియమం విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంటుంది.

నీలిసిరా

అందరికీ కృతజ్ఞతలు. క్రిప్టొనైట్ గురించిన అభ్యంతరం నాకు తోచనే లేదు. ఆ దృశ్యం చూస్తున్నప్పుడు నా ధ్యాసంతా పసిబిడ్డ మీదనే ఉంది.

ఇంకొక్క మాట అడగాలి. ఇలా ఎప్పుడో 60 ఏళ్ల క్రితం సృష్టించి మరచిపోయిన పాత్ర హఠాత్తుగా కోట్ల డాలర్ల సినిమాలో కనిపించినప్పుడు, దానిని గీసినవారికీ రాసినవారికీ ఏమైనా దక్కుతుందా? టైటిల్స్ చివర వారి పేర్లు వేగంగా వెళ్లిపోవడం చూశాను.

అంచుగీత

ఎవరు ఏ ఒప్పందం కింద పని చేశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అమెరికా కామిక్స్‌లో చాలాకాలం పేజీకి ఇంత అని కూలి ఇచ్చి, పాత్రల మీద హక్కులన్నీ ప్రచురణ సంస్థే ఉంచుకునే పద్ధతి నడిచింది. తరువాతి కాలంలో పాత్రలను సృష్టించినవారికి వాటా ఇచ్చే ఏర్పాట్లు వచ్చాయి గాని, అవి మార్వెల్, డీసీ రెండింటిలోనూ ఒకేలా లేవు.

జిమ్ స్టార్లిన్ 2017లో బహిరంగంగా చెప్పిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. మార్వెల్‌లో ప్రతినాయకుడైన థానోస్‌ను, ‘గార్డియన్స్’ జట్టులోని గమోరాను, డ్రాక్స్‌ను సృష్టించిన కామిక్స్ రచయిత, చిత్రకారుడు ఆయన. డీసీలో కేజీబీస్ట్ అనే ప్రతినాయకుణ్ణి కూడా ఆయనే సృష్టించారు. ఆ ప్రతినాయకుడు ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’లో అనతోలీ క్న్యాజేవ్ అనే అసలు పేరుతో, కామిక్స్‌లోని ముసుగూ వేషమూ ఏమీ లేకుండా, లూథర్ అనుచరుడిగా కాసేపు కనిపిస్తాడు. చాలామందికి అతడు కామిక్స్ పాత్ర అని కూడా తెలియదు. అయినా ఆ చిన్న పాత్రకు డీసీ పంపిన చెక్కు, అప్పటికి థానోస్, గమోరా, డ్రాక్స్ ముగ్గురికీ కలిపి తనకు అందినదానికంటే చాలా పెద్దదని స్టార్లిన్ వెల్లడించారు. తరువాత ఆయన మార్వెల్‌తో మళ్లీ మాట్లాడుకుని మెరుగైన ఒప్పందం చేసుకున్నారు. మార్వెల్ సినిమాల కథ మొత్తం థానోస్ వైపు నడుస్తున్న రోజులలో జరిగిన సంగతి ఇది.

అదే ‘గార్డియన్స్’ జట్టులోని రాకెట్ రకూన్ సంగతి ఇంకా మనసు కలచేది. రచయిత బిల్ మాంట్లో, చిత్రకారుడు కీత్ గిఫెన్ 1976లో ఆ పాత్రను తెచ్చారు. 1982లో హల్క్ కథలో ఒకసారి కనిపించి, 1985లో మైక్ మిన్యోలా బొమ్మలతో నాలుగు సంచికల సొంత కథ పొంది, ఆ పైన చాలాకాలం మరుగున పడిపోయింది. మాంట్లో 1992లో రోడ్డు ప్రమాదంలో తలకు తీవ్రమైన గాయమై, అప్పటి నుంచి ఇతరుల సంరక్షణలోనే ఉన్నారు. ‘గార్డియన్స్’ సినిమా సిద్ధమయ్యాక మార్వెల్ వారు దానిని ఆయన ఉన్న చోటికే తీసుకువెళ్లి ప్రత్యేకంగా ప్రదర్శించారని ఆయన సోదరుడు తెలిపారు. ఇది మంచి పనే, కాదనలేం. కానీ మర్యాద వేరు, హక్కు వేరు.

మెటమార్ఫోను గీసిన రమోనా ఫ్రాడన్ 2024 ఫిబ్రవరిలో 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పురుషులే నిండిన అప్పటి కామిక్స్ రంగంలో పనిచేసిన కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. ఆక్వామ్యాన్ కథలకు కూడా చాలాకాలం బొమ్మలు వేశారు. తన పాత్రను పెద్ద తెర మీద చూడడానికి ఆమె ఏడాదిన్నర కూడా తేడా లేకుండా దూరమయ్యారు. మూలకం గారు క్రిప్టొనైట్ గురించి కోప్పడడంలో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆ నియమం కూడా వాళ్ల శ్రమలో భాగమే.

మూడోవరుస

అంచుగీత గారు చెప్పినదానికి చిన్న చేర్పు. మరచిపోయిన పాత్ర సినిమాకు వచ్చినప్పుడు మారిపోయేది సృష్టికర్తల గౌరవం ఒక్కటే కాదు, పాత్ర స్థాయి కూడా. పోల్కాడాట్ మ్యాన్‌ను చూడండి. 1962 ఫిబ్రవరిలో ‘డిటెక్టివ్ కామిక్స్’ 300వ సంచికలో బిల్ ఫింగర్ రాయగా షెల్డన్ మోల్డాఫ్ గీసిన దొంగ అతను. ఒంటి మీది చుక్కలను పీకి ఆయుధాలుగా విసురుతాడు. దశాబ్దాల పాటు బ్యాట్‌మ్యాన్ శత్రువులలో హాస్యాస్పదమైనవాడెవరన్న మాట వస్తే ముందుగా వినిపించే పేర్లలో అతనిదీ ఒకటి. 2021 నాటి ‘ది సూయిసైడ్ స్క్వాడ్’ ఆ చుక్కలనే జబ్బుగా మార్చింది. పిల్లలను సూపర్‌హీరోలను చేయాలని తల్లి చేసిన ప్రయోగం వల్ల అవి ఒంట్లో పుడతాయి, రోజుకు రెండుసార్లు వాటిని బయటికి విసరకపోతే ప్రాణం పోతుంది. ఎదుట ఎవరున్నా అతనికి తల్లి ముఖమే కనిపిస్తుంది. నవ్వులపాలైన అదే చుక్క మీద నవ్వూ జాలీ రెండూ నిలబెట్టారు.

అదే సినిమాలో పీస్‌మేకర్ కూడా ఉన్నాడు. 1966లో చార్ల్‌టన్ అనే చిన్న సంస్థ తెచ్చిన హీరో. శాంతి కోసం ఎంతటి యుద్ధానికైనా సిద్ధమనడం అతని సిద్ధాంతం. మొదట దానిని నిజాయితీగానే రాశారు. ఆ మాటలోని వెర్రితనాన్ని తరువాతి రచయితలు పట్టుకున్నారు. 2022 నాటికి అతడికి సొంత టెలివిజన్ సిరీస్ కూడా వచ్చింది.

నీలిసిరా

ఇప్పుడు ఈ నలుగురి కామిక్స్ చదవాలనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి సంచికల నుంచి వరుసగా చదవవలసిన పని ఉందా?

పాతసంచిక

వరుసగా అక్కరలేదు. మిస్టర్ టెరిఫిక్ కోసం 1999లో మొదలైన ‘జేఎస్‌ఏ’ (జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా) పట్టుకోండి. కెండ్రా సాండర్స్ అనే హాక్‌గర్ల్ కూడా అందులోనే ఉంటుంది కనుక ఇద్దరూ ఒకే చోట దొరుకుతారు. సినిమాలో లేని ఆయన దుఃఖం అక్కడ కనిపిస్తుంది. గై గార్డనర్‌ను 1968లో జాన్ బ్రూమ్, గిల్ కేన్ సృష్టించారు గాని, మీరు చూసిన నోటి దురుసు మనిషి మాత్రం 1980లలో తయారైనవాడు. 1987 నాటి ‘జస్టిస్ లీగ్’ తెరిచి, ఐదవ సంచిక వరకూ ఆగకుండా చదవండి. గై గార్డనర్ బ్యాట్‌మ్యాన్‌తో పెట్టుకుంటాడు, ఒక్క గుద్దుతో ఆ తగువు తేలిపోతుంది. ఆ గిన్నె కత్తిరింపు జుట్టు కూడా సినిమావారు కల్పించినది కాదని అక్కడే తెలుస్తుంది.

మూలకం

మెటమార్ఫోకు మాత్రం మొదటి సంచికే చదవండి. ఆ తరువాత 1966లో వచ్చిన ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ 42వ సంచిక కూడా చూడండి. సూపర్‌మ్యాన్‌తో సహా అంతమంది పెద్ద హీరోలు కలిసి సభ్యత్వం ఇస్తామని పిలిస్తే, మెటమార్ఫో తనకు అక్కరలేదని చెప్పేస్తాడు. మామూలు మనిషిగా మారిపోవడమే ఆయన కోరిక, హీరోగా పేరు తెచ్చుకోవడం కాదు.